అల్లుడు తెరవని డబ్బ

నేను పెద్దపల్లిలో లెక్కల మాస్టారిని. ఒక చెక్కడబ్బ తెరవలేకపోయాను. అంతవరకైతే మూర్ఖత్వం అనను. ఊరగాయ సీసా మూత రాక పక్కింటికి పట్టుకెళ్లినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు, వాళ్లంతా గౌరవంగానే బతుకుతున్నారు. తెరవకుండానే తెరిచానని చెప్పడం మాత్రం మూర్ఖత్వం. చెప్పి ఊరుకోక, డబ్బలో ఉన్న చేతిగడియారం ఇదేనంటూ బజారులో కొన్న గడియారం కట్టుకొని దసరాకు అత్తగారింటికి వెళ్లడం ఉంది చూశారూ, దానికి సరైన మాట ఏమిటో తెలుగు మాస్టారిని అడగాలి. నాకు తెలిసింది ఒక్కటే. ఆ రోజు నుంచి అత్తగారి వీధిలో ఈ లెక్కల మాస్టారిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ డబ్బ చేసింది మా మామ, నా భార్య తండ్రి. గోదావరి పక్క బొగ్గుబాయిలో ఆయనది టింబర్ పని. భూమి లోపల బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ఉట్నూర్ దిక్కు పల్లెలో నాగళ్లు, బండి చక్రాలు చేసే ఇంట పుట్టాడు కనుక కట్టె చిన్నప్పుడే చేతికి వచ్చింది. చెవికి మాత్రం బాయిలోకి దిగాకే వచ్చిందట. కప్పు కిందికి పోయేముందు ఇనుప కడ్డీతో పైకి తట్టాలి. ఖణేల్మంటే కప్పు గట్టిది. డప్పులా బొయ్‌మంటే లోపల పగిలింది, వెనక్కి రావాలి. ఉద్యోగమంతా అలా తట్టి, విని, ప్రాణంతో పైకి వచ్చినవాడు. అందుకే ఇంట్లో ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వేలి గణుపుతో తట్టేవాడు. పెళ్లిచూపులనాడు నా వీపు మీద రెండుసార్లు తడితే ప్రేమ అనుకున్నాను. గట్టివాడినో డొల్లవాడినో చూశాడని తర్వాత తెలిసింది.

మొదటి బొమ్మ నా భార్య కోసం చేశాడు. చిన్నప్పుడు ఆమెకు అమ్మవారు పోసి గడప దాటనివ్వకపోతే, పొయ్యిలోకి తెచ్చిన దుంగ ముక్కల్ని ఆరు పుల్లలుగా చెక్కి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి చేతిలో పెట్టాడు.

"విడగొట్టు బిడ్డా. విడగొట్టేలోపల జరం పోతది."

జ్వరం మూడో రోజున పోయింది. పుల్లలు అయిదో రోజున విడిపోయాయి. ఆ తర్వాత పక్క క్వార్టర్ల పిల్లలు వచ్చారు, పిల్లల్ని పిలవడానికి తండ్రులు వచ్చారు, తండ్రుల్ని పిలవడానికి తల్లులు వచ్చారు. అందరూ వాకిట్లోనే చిక్కుకుపోయారు. డ్యూటీ దిగి, స్నానం చేసి, వాకిట్లో కూర్చొని చెక్కడం ఆయనకు రెండో షిఫ్టు అయింది.

కొత్త బొమ్మ పూర్తయితే చెవిమీది లావుపాటి పెన్సిల్ తీసి అడుగున పేరు రాసేవాడు. పేర్లన్నీ మనుషులవే. దారానికి ఎక్కించిన చెక్కపూస ఒకటుండేది. లాగితే బిగుసుకుంటుంది, వదిలేస్తే దానంతటదే చేతిలో పడుతుంది. దాని పేరు "అత్త". మా అత్తమ్మ నొచ్చుకోలేదు సరికదా, "నన్ను గాదు, మా అత్తను అన్నడు" అంటూ వచ్చినవాళ్లకు తానే తీసి చూపించేది. ఊపితే చెవులు చిల్లులుపడేలా మోగి, కష్టపడి విప్పితే లోపల ఒక్క కందిగింజ తప్ప ఏమీ లేని గుండ్రటి కాయ పేరు "ఓవర్‌మన్". బాయిలో కూలీల మీద అజమాయిషీ చేసే అధికారి ఓవర్‌మన్. ఆయనే వచ్చి రెండు తీసుకెళ్లాడట, రెండోది తన పైవాడికి ఇవ్వడానికి.

ఈ బొమ్మలు కాలనీ దాటింది జమ్మికుంటలో బొమ్మలమ్ముకునే ఒకాయన వల్ల. పత్తి యార్డుకు బండ్లతో వచ్చిన రైతులు వేలం మొదలయ్యేదాకా చేసేదేమీ లేక బస్తాల మీద కూర్చుంటారు. వాళ్ల చేతుల్లో ఒక్కసారి పెడితే బొమ్మ ఇక వెనక్కి రాదని ఆయన కనిపెట్టాడు. యార్డు నుంచి జాతరలకు, జాతరల నుంచి గల్ఫ్‌కు పోయే పెట్టెల్లోకి మామ చెక్కిన చిక్కులు ప్రయాణం కట్టాయి.

ఇక నా సంగతి. పెళ్లయ్యాక మొదటి దసరా. కొత్త బట్టలు పెట్టారు, బొట్టు పెట్టారు. మామ లోపలికి వెళ్లి, అరచేతిలో పట్టేంత డబ్బ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టెది. దూదిలా తేలిక. కీలు లేదు, గొళ్లెం లేదు, తాళం అసలే లేదు.

"గిండ్ల గడియారం వెట్టిన. తెరువు అల్లుడా."

చెవికి ఆనిస్తే నిజమే, టిక్కు టిక్కుమంటోంది. నేను మూత పట్టి లాగాను. రాలేదు. గోరు దూర్చాను. గోరు విరిగింది. అత్తమ్మ చూడకుండా చెంచా దూర్చబోతే మామ నా చేయి పట్టుకున్నాడు.

"మూత జోలికి పోకు. మూత జోలికి పోయేటోడు దొంగ. తెరిచేటోడు కట్టె మాట వింటడు."

నేను కట్టె మాట వినలేదు. ఇంటికి తెచ్చి, లెక్క వేశాను. డబ్బకు ఆరు ముఖాలు, ఒక్కో ముఖం మీద నిలబెట్టి నాలుగు దిక్కులకు వంచవచ్చు, ఏ వంపు తర్వాత ఏ వంపు అన్న వరుస మారవచ్చు. లాంగ్ నోట్‌బుక్ నిండిపోయింది. ఆ లెక్క ప్రకారం నేను రిటైరయ్యాక కొంతకాలానికి డబ్బ తెరుచుకోవాలి. డబ్బ మూత తెరుచుకోలేదు గానీ, "తెరిచినవా" అని మామ ఫోన్ చేసినప్పుడల్లా నా మూతి మూతపడేది.

ఏడాది తిరిగి మళ్లీ దసరా వస్తోంది. ఉత్త చేతులతో పోలేను. అప్పుడు వచ్చింది ఆ మహత్తరమైన ఆలోచన. లోపల గడియారమే కదా ఉంది! బజారుకు వెళ్లి, కొత్త అల్లుడికి మామ ఎలాంటిది పెడతాడో ఊహించి, వెడల్పాటి తోలు పట్టీది కొన్నాను. ఇంట్లో కూడా తెరిచేశానని చెప్పాను. నా భార్య నా చేయి పట్టుకొని గడియారం చూసి, "బాపు పసందు మంచిగున్నది" అంది. డబ్బ అడిగితే బడిలో పిల్లలకు చూపించడానికి పెట్టానన్నాను. నిజానికి అది నా సంచి అడుగున లుంగీలో చుట్టి ఉంది. మామ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు అత్తమ్మను బతిమాలి గుట్టుగా తెరిపించుకుందామని.

దసరా రోజు జమ్మి ఆకు ఇవ్వడానికి వీధి వీధంతా వచ్చింది. నేను మోచేతిదాకా చొక్కా మడిచి, అవసరం లేకున్నా టైం చూసుకుంటూ నిలబడ్డాను. మామ నా చేతి వైపు చూశాడు. వచ్చినవాళ్లందరికీ జమ్మి ఇచ్చి, అలాయ్ బలాయ్ కౌగిలింతలు అయ్యాక, అందరి ఎదుట బిడ్డను అడిగాడు.

"నీ గడియారం ఎందుకు కట్టుకోలే బిడ్డా?"

"నా గడియారమేంది బాపు?"

"నేను డబ్బల వెట్టింది. సన్న గొలుసుది. ఆడోళ్ల గడియారం."

వీధి మొత్తం నా చేతి వైపు తిరిగింది. తోలు పట్టీ కింద నా మణికట్టుకు చెమట పట్టింది. అప్పుడు అడిగాడు మామ, ఎంతో ప్రేమగా:

"టైమెంతైంది అల్లుడా?"

నవ్వులు తగ్గేదాకా ఆగి సంచిలోంచి లుంగీ, లుంగీలోంచి డబ్బ తీశాను. నా భార్య అందుకొని తట్టింది, చెవికి ఆనించింది. ఎడమకు వంచింది. లోపల ఎక్కడో చీమ అడుగేసినట్టు "టక్". ముందుకు వంచింది, "టక్". తలకిందులు చేసి మెల్లగా కుడికి తిప్పింది. మూత జారి ఒళ్లో పడింది. పొయ్యి మీది చాయ్ పొంగేలోపల అయిపోయింది. గోడల్లో నాలుగు చిన్న కట్టె చీలలు, వంపుకొక్కటి పక్కకు జరుగుతుంది. వినేవాడికి దారి చెబుతుంది.

లోపలి గడియారం ఇంకా నడుస్తూనే ఉంది. మామ దాన్ని తీసి నా చేతికిచ్చాడు. "నువ్వు తెరిచి బిడ్డ చేతికి కట్టంగ చూద్దామనుకున్న అల్లుడా. గంతే" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింత లేదు. అందుకే ఎక్కువ తగిలింది. నేను కట్టాను. కొక్కెం పెట్టడానికి కూడా మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే పెన్సిల్ తీసి ఆ డబ్బకు పేరు రాశాడు: "అల్లుడు".

ఆయన చేసిన బొమ్మలన్నిటిలో ఎక్కువ అమ్ముడుపోయింది అదే. జమ్మికుంట ఆయనకు పేరు వెనక కథ తెలిసింది. తెలిశాక ఊరుకుంటాడా? యార్డులో, జాతరలో ఒకటే కేక: "అల్లుడు తెరవని డబ్బ! అల్లుడు తెరవని డబ్బ! మీరు తెరువుండ్రి!" ఒకసారి జాతరలో ఆ కేక విని నేనే ఆగి నిలబడితే నాకూ ఒకటి అమ్మబోయాడు. అల్లుడు నేనేనని చెప్పాను. మనిషి పరవశించిపోయాడు. ఇంకొంచెం సేపు పక్కనే నిలబడమన్నాడు, గిరాకీకి మంచిదని.

అప్పటి నుంచి నాకు రెండే కోరికలు. ఆ పేరు పక్కన నా పరువుకు తోడుగా ఇంకెవరి పరువైనా కూర్చోవాలి. మామ నోట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, షాబాష్ అనిపించుకోవాలి. ఆ మాట ఆయన చాలా పొదుపుగా వాడేవాడు. నాకు మాత్రం ప్రతి దసరాకు, ప్రతి ఫోనుకు, గుమ్మంలో కాలు పెట్టగానే దొరికే మాట ఒక్కటే, "టైమెంతైంది అల్లుడా?" అది పలకరింపు అయిపోయింది. వీధిలో ముసలివాళ్లు, మా పిల్లలు కూడా అదే అడిగేవారు. చివరికి ఒకసారి బస్టాండులో నిజంగానే టైం తెలియక అడిగిన అపరిచితుడు కూడా నాకు మామ తాలూకు మనిషిలాగే కనిపించాడు.

ఫోన్లలో మొహాలు కనబడే రోజులు వచ్చాక గల్ఫ్ నుంచి మామకు కాల్స్ వచ్చేవి.

"కాకా, మా రూముల ఆరుగురం వారం సంది గీ డబ్బతోని కొట్లాడుతున్నం. పరేషాన్ జేస్తుంది. జర చెప్పు."

"ఫికర్ జెయ్యకు. ఫోన్ కాడ వెట్టి ఎడమకు వంచు. ఆఁ, టక్కన్నది. ఇగ ముందుకు. గట్ల గుద్దకు పోరడా, మెల్లగ!"

సముద్రం అవతల కట్టె చీల జరిగితే ఈయనకు ఇక్కడ వినబడేది. నాకు మాత్రం నా తరగతిలో వెనక బెంచీ గుసగుసలు కూడా వినబడవు.

మామ రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, కాలనీ చివర రెండు గదుల ఇల్లు కట్టుకున్న కొన్నేళ్లకు, నేను అక్కడుండగానే అలాంటి కాల్ ఒకటి వచ్చింది.

"వంచు" అన్నాడు మామ. "మళ్ల వంచు. నువ్వు వంచుతలేవు."

"వంచిన కాకా. నాలుగుసార్లు వంచిన."

"మళ్ల వంచు."

ఆయన ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చాడు. చివరికి ఒళ్లో పెట్టుకొని, "ఫోన్ ఖరాబైంది" అన్నాడు. ఫోన్ బాగానే ఉంది. వాకిలికి ఇవతల కూర్చున్న నాకే ఆ "టక్" వినబడింది.

ఆ నెలలోనే జమ్మికుంట ఆయన నాలుగు డబ్బలు వెనక్కి తెచ్చాడు. "తెరుసుకుంటలేవు కాకా. చీలలు పట్టేసినయ్." మామ వాటిని మంచం కిందికి తోసి, కట్టె మంచిది దొరకడం లేదన్నాడు. తర్వాత కొత్త డబ్బ చెక్కలేదు. అడిగితే నడుం నొప్పి అనేవాడు, ఎండ అనేవాడు. డ్రిల్లింగ్ మిషన్ల పక్కన అన్నేళ్లు నిలబడిన చెవులని ఆయనా అనలేదు, మేమూ అనలేదు. పెన్సిల్ మాత్రం చెవి మీద అలాగే ఉండేది.

నా బుద్ధి ఎంత చిన్నదో ఇక్కడ ఒప్పుకోవాలి. ఇప్పుడైతే గెలవగలనని మొదట అనుకున్నాను. సన్నగా పలికే చీలతో ఏ డబ్బ ఇచ్చినా మామ తెరవలేడు. రెండు రోజులు ఆ ఆలోచనతో సంతోషంగా తిరిగి, మూడో రోజు సిగ్గుపడ్డాను. నన్ను అన్నేళ్లు ఏడిపించినవాడే కానీ, నాకు వినబడని చోట నవ్వినవాడు కాదు. వినబడనివాడి మీద గెలిస్తే గెలిచినట్టా? మామకు వినబడాలి. వినబడే ఓడిపోవాలి.

వేసవి సెలవులన్నీ పెద్దపల్లిలో ఒక వడ్రంగి కొట్టు దగ్గర గడిపాను. బాడిస పట్టిన తీరు చూసి కొట్టు యజమాని రోజూ నా వేళ్లు లెక్కపెట్టేవాడు. సెలవులయ్యేసరికి వేళ్లన్నీ మిగిలాయి, డబ్బ ఒకటి తయారైంది. మూలలు కలవలేదు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క వంపు. దాంట్లో ఏ చిక్కూ లేదు, ఒక్క చీలా లేదు. మూత పైన బిగువుగా కూర్చుంది, తలకిందులు చేసినా జారదు, పట్టి ఎత్తితే వస్తుంది. అంతే. అడుగున మాత్రం దొంగ అర ఒకటి చేసి, రెండు పెద్ద గాజు గోటీలు పోసి మూసేశాను. ఎటు వంచినా "ఠక్కు"మని వీధి మలుపుదాకా వినబడుతుంది.

దసరా పొద్దున మామ స్నానానికి వెళ్తూ తన చేతిగడియారం కిటికీలో పెట్టాడు. తీసి డబ్బలో పెట్టి, ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి చేతికిచ్చాను.

"గిండ్ల మీ గడియారం వెట్టిన. తెరువుండ్రి మామా."

ఆయన డబ్బను తిప్పి మూలలు చూశాడు. "బాడిసతోని చేసినవా, పండ్లతోని చేసినవా?" అన్నాడు. తట్టాడు. చెవికి ఆనించాడు. ఆ చెవికి టిక్కుటిక్కు వినబడదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. రెప్పపాటు ఆయన మొహంలో ఏదో మూసుకుపోయింది. ఇంకో చెవికి మార్చాడు. నాకు నా డబ్బను లాక్కోవాలనిపించింది.

అప్పుడు ఎడమకు వంచాడు.

ఠక్.

మామ కళ్లు పెద్దవయ్యాయి. మళ్లీ వంచాడు, ఠక్. ముందుకు, ఠక్. "అన్నది" అన్నాడు చిన్నపిల్లాడిలా. "పలుకుతుంది అల్లుడా!" ఇక మామ ఈ లోకంలో లేడు. పొద్దుటి చాయ్ చల్లారింది. కూర్చొని వంచాడు, లేచి వంచాడు, వేప చెట్టు కింద నిలబడి తలకిందులు చేశాడు. పెన్సిల్ తీసి గోడ మీద గుర్తులు పెట్టాడు, ఎడమ, ముందు, కుడి. ఇరుగుపొరుగు వచ్చి చుట్టూ నిలబడ్డారు. "తెరువకపోతివి" అంటే, "చీలలు రెండున్నయ్, ఒకటి బరువుది, జర ఆగుండ్రి" అని కసిరాడు. లేని చీలల గురించి ఆయన చెప్పిన వివరాలు వింటుంటే వాటిని నేనే చేశానేమో అని నాకే గర్వం వేసింది. నా భార్య ఒకసారి డబ్బ వైపు, ఒకసారి నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. ఆమె తండ్రి చేయి మాత్రం ఒక్కసారైనా మూత జోలికి పోలేదు.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది, చేతులకు పిండితో.

"అన్నం సల్లారిపోతుంది. టైమెంతైంది?"

"గడియారం గండ్లనే ఉన్నది" అన్నాడు మామ, డబ్బ చూపిస్తూ.

అత్తమ్మ రెండు వేళ్లతో మూత ఎత్తి పక్కన పెట్టింది. లోపలి గడియారం తీసి చూసింది. "రెండైంది. లేవుండ్రి."

చుట్టూ ఉన్నవాళ్ల మెడలు డబ్బ మీదికి సాగాయి.

"మూత జోలికి పోయినవా!" అన్నాడు మామ.

"మూత ఎందుకున్నదయ్యా మరి, ఎత్తుటానికే నాయె."

మామ డబ్బ అడుగు తట్టాడు. గోటీలు గలగలమన్నాయి. అర్థమైంది. భుజాలు ఊగడం మొదలుపెట్టాయి, నవ్వు దగ్గులోకి, దగ్గు మళ్లీ నవ్వులోకి మారి, కళ్లలో నీళ్లు వచ్చాయి. "షాబాష్!" అన్నాడు. నన్ను కాదు, అత్తమ్మను.

తర్వాత డబ్బ తిరగేసి, చెవి మీది పెన్సిల్ తీసి నా ముందుకు చాపాడు. "పేరు రాయి అల్లుడా. చేసినోడే రాయాలె."

ఆ పెన్సిల్ అంతవరకు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. నేను రెండక్షరాలు రాశాను: "మామ". వీధంతా చదివింది. మామ కూడా కళ్లద్దాలు పెట్టుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివాడు.

అత్తమ్మ దగ్గర గడియారం తీసుకొని నేనే ఆయన చేతికి కట్టాను. ఈసారి కొక్కెం మొదటిసారికే పడింది. కట్టి, ఆ చేయి వదలకుండా దగ్గరికి వంగి, ఆయనకు బాగా వినబడేంత గట్టిగా అడిగాను:

"టైమెంతైంది మామా?"